ఇత్తడి కుళాయి

"ఏమండీ, ఐదోది కూడా పోయింది!"

భ్రమరాంబ కేక విని, గడ్డం గీసుకుంటున్న సీతారామాంజనేయులు సగం నురగతోనే హాల్లోకి పరిగెత్తాడు. గాజుతొట్టెలో పచ్చచేప వెల్లకిలా తేలుతోంది. రుషికొండ రాళ్ళ మధ్య జాలరిచేత పట్టించి, సీతమ్మధార దాకా స్కూటరు మీద భ్రమరాంబ చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ఆరు చేపల్లో ఇక మిగిలింది ఒక్కటే. నల్లచారల బుల్లిది. దానికి భ్రమరాంబ చిట్టిబాబు అని పేరు కూడా పెట్టుకుంది.

"ఇదీ పోతే తొట్టె తీసేద్దామండీ. రోజూ పొద్దున్నే ఈ చావులు చూడటం నా వల్ల కాదు" అంటూ కళ్ళు తుడుచుకుని, కింద వాటాలో ఉన్న ఇంటావిడ ఆదిలక్ష్మమ్మ గారి దగ్గరికి వెళ్ళిపోయింది.

సీతారామాంజనేయులు నురగ తుడుచుకుంటూ తొట్టె ముందు కూలబడ్డాడు. పెళ్ళయిన మూడు నెలల్లో ఆవిడ నోరు తెరిచి అడిగిన ముచ్చట ఇదొక్కటే, ఇంట్లో బుల్లి సముద్రం ఉండాలని. అందుకోసం మేడమీద డ్రమ్ము పెట్టించాడు. గోడకి కన్నం కొట్టించి తొట్టెలోకి పైపు దింపించి, చివర కుళాయి పెట్టించాడు. ప్రతి ఆదివారం డబ్బాలతో బీచికి పోయి ఉప్పునీళ్ళు మోసుకొచ్చి డ్రమ్ములో పోశాడు. పోర్టులో పెద్ద పెద్ద పంపులే అతని మాట వింటాయి గానీ, ఈ మూరెడు తొట్టె వినడం లేదు.

రాత్రి లైబ్రరీ పుస్తకంలో కారణం దొరికింది. పైపులు బిగించిన గవర్రాజుకి పొద్దున్నే కబురంపాడు.

"గవర్రాజూ, ఇదంతా నీ నిర్వాకమే!"

"నానేటి సేసినాను బాబూ? సుక్క నీరు కారతందేటి?"

"కారడం కాదయ్యా! సముద్రపు చేపలకి రాగి విషం. ఇత్తడిలో ఉండేది రాగి. నువ్వు బిగించింది ఇత్తడి కుళాయి!"

"మంచి సరుకెయ్యి, పదేళ్ళు పడుండాలి అని మీరే గదా అన్నారు? కుళాయి పడుంటాది బాబూ. సేపల సంగతి నాకేటి తెలుసు?"

చిట్టిబాబుని బకెట్లోకి మార్చారు. నీళ్ళన్నీ తోడేశారు. ఇక ప్లాస్టిక్ కుళాయి కోసం మొదలైంది తిరుగుడు. అడిగిన ప్రతి కొట్టువాడూ పిల్లలాటకా అని నవ్వాడు. చివరికి కాలేజీలకి గాజుసామాను అమ్మే కొట్లో ఒకటి దొరికింది. తీరా చూస్తే దాని మరలు పైపుకి పట్టవు. గవర్రాజు నూలు చుట్టి బిగిస్తే మొహం మీదికి చిమ్మింది. మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టి బిగిస్తే ఈసారి సీతారామాంజనేయులు చొక్కా తడిసింది.

"ఇలాగైతే ముందు నేను పోతాను, తర్వాత చేప!" అన్నాడు చొక్కా పిండుకుంటూ.

"ఓపిక పట్టండి బాబూ. ఇసక కూడా ఎత్తేమంతారా?"

"ఇసుక జోలికి పోకు. ఆ శంఖాలూ గవ్వలూ ఆవిడ ముచ్చటపడి పేర్చుకుంది. ఒక్కటి కదిలినా నాకు అన్నం పుట్టదు."

గవర్రాజు తొట్టె పక్కన మేకుకి వేలాడుతున్న చిన్న గుడ్డసంచీని తీసి కిటికీలో పెట్టాడు. "గాజుకి ఈ బొట్టేటి బాబూ?"

"సముద్రుడు మనింటికొచ్చాడని పూజ చేసింది. పసుపూ కుంకుమా లోపలే చల్లబోయింది. నీళ్ళలో కరిగేదేదీ వెయ్యకూడదని నేనే ఆపాను. మాట జవదాటదు, పాపం. ఇదిగో, బయటే అద్దుకుంది."

"అదృష్టవంతులు బాబూ. మా ఇంట్లో మనిసికి కూడా ఆ పుస్తకమేదో సదివించండి."

సాయంత్రం నాలుగింటికి, ఐదోసారి బిగించాక, కుళాయి చుక్క కారకుండా నిలబడింది. డబ్బాల్లో దాచిన కొత్త సముద్రపు నీళ్ళు నింపారు. చిట్టిబాబు దిగీ దిగగానే తోక ఝాడించి శంఖం చుట్టూ గిరికీలు కొట్టింది. వేసిన రొయ్యపొట్టు గుటుక్కున మింగింది. అప్పుడే పైకొచ్చిన భ్రమరాంబ గాజుకి ముక్కు ఆనించి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పొద్దుటి నుంచి పడ్డ పాట్లన్నీ సీతారామాంజనేయులు మరిచిపోయాడు.

గవర్రాజుని గేటు దాకా సాగనంపాడు.

"ఈ ఇత్తడి కుళాయి నాను పట్టుకెళ్ళిపోనా బాబూ?"

"తీసుకుపో నాయనా. ఇకమీదట ఆ తొట్టె చుట్టుపక్కల రాగి అన్న మాట వినబడకూడదు."

ఈల వేసుకుంటూ మెట్లెక్కి వచ్చేసరికి భ్రమరాంబ మోచేతిదాకా తడిసిన చెయ్యి కొంగుతో తుడుచుకుంటోంది. రెండో చేతిలో గుడ్డసంచీ ఖాళీగా వేలాడుతోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"మన చిట్టిబాబుకి ఇంక ఏ భయమూ లేదండీ!"

"పుస్తకం చదివావా ఏమిటి?"

"పుస్తకమెందుకు? సముద్రుడికి మొక్కుకున్నాను. తొట్టె నింపినరోజు ఒకటి, చేప పోయినప్పుడల్లా ఒకటి ఇసుకలో గుచ్చుతూనే ఉన్నాను. ఒక్కొక్కటీ ఇస్తే చాల్లేదనుకుంటా."

"ఏమిటి గుచ్చింది? నీళ్ళలో ఏమీ వెయ్యొద్దన్నానా?"

"కరిగేవి వెయ్యొద్దన్నారు. అందుకే కరగనివి వేశాను" అంది భ్రమరాంబ గర్వంగా, ఖాళీ సంచీని తిరగేసి దులుపుతూ. "గోదావరి వంతెన దాటినప్పుడల్లా వెయ్యమని మామ్మ ఇచ్చిన రాగి కాణీలు, మొత్తం అన్నీ వేసేశానండీ!"