నాలుగో ప్యాడ్

రాత్రి వర్క్‌షాపులో మెయిన్ స్విచ్ ఆపేసి, ఫ్యూజులు కూడా పీకి జేబులో వేసుకున్నాకే ఫిట్టర్ గ్రైండింగ్ మిషన్ పక్కన టార్చి పట్టుకుని కూర్చున్నాడు.

మోటారు అదురు చక్రానికి పాకకుండా దాని కింద నాలుగు రబ్బరు ప్యాడ్లుండాలి. పోయిన వారం నాలుగోది అతనే లాగేశాడు. ఇంట్లో వాషింగ్ మిషన్ గెంతులేస్తోందని భార్య సతాయిస్తుంటే దాని కాలి కింద పెట్టాడు. ఇక్కడ అట్టముక్క మడిచి దూర్చాడు. మూడో రోజే చక్రం పగిలి, ఎగిరిన ముక్క బావ తలకు తగిలింది. ఆయనే చక్రం సరిగ్గా బిగించుకోలేదని అందరూ అంటుంటే తనూ తలూపాడు. అక్క ముందు కూడా.

బావ ఆసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. రేపు ఇక్కడ తనిఖీ.

పని నేర్పే రోజుల్లో బావ మిషన్ మీద గ్లాసుతో నీళ్లు పెట్టించేవాడు. "నీళ్లు నిలిస్తేనే చెయ్యి పెట్టరా" అనేవాడు. అలవాటు కొద్దీ ఇప్పుడూ పెట్టాడు. కరెంటు లేని మిషన్ మీద నీళ్లు వణుకుతున్నాయి. అరచెయ్యి ఆనించి చూశాడు. ఇనుము చల్లగా, కదలకుండా ఉంది. నీళ్లు మాత్రం ఆగలేదు.

గబగబా అట్ట పీకి, ఇంటి నుంచి వెనక్కి తెచ్చిన ప్యాడ్ పెట్టి, బోల్టు బిగించాడు. నీళ్లు నిలిచాయి. హమ్మయ్య అనుకునేలోపే ఫోన్ మోగింది.

"ఒరేయ్, మీ బావ మాట్లాడాడురా!" అక్క ఏడుస్తూనే నవ్వుతోంది. "కళ్లు మూసుకునే 'నీళ్లు నిలిచాయా, వాణ్ణి అడుగు' అంటున్నాడు. ఏ నీళ్లురా?"

అతను టార్చిని గ్లాసు మీదికి తిప్పాడు.

"ఏమో అక్కా, నాకేం తెలుసు?" అన్నాడు.

గ్లాసులో నీళ్లు మళ్లీ వణకసాగాయి.