తొమ్మిది వేల గ్యాలన్లు

"కొత్తిమీర తీస్కుంటవా, చూస్కుంట నిలబడ్తవా?" అంది నీలమ్మ తలెత్తకుండానే.

చందానగర్ మార్కెట్లో ఆమె గంప ముందు ఓబులేసు అప్పటికి పావుగంటగా నిలబడి ఉన్నాడు.

"నన్ను గుర్తుపట్టలేదా అమ్మా? రెండేండ్ల కిందట రాయదుర్గంలో మీ బోరు నీళ్లు కొలిచినాను."

నీలమ్మ చేతిలోని చెంబు పక్కన పెట్టి పైకి చూసింది. "అరె, డ్రమ్ము సారువా! గప్పుడు పుల్ల లెక్క ఉంటివి, జర ఒళ్లొచ్చింది. నౌకరి పక్కాగైందా?"

"ఆ నెలలోనే పర్మినెంట్ చేసినారు."

"మంచిగైంది. కూసో."

అతను గోనెసంచి మీద కూర్చున్నాడు. బస్సులో వల్లె వేసుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

"అమ్మా, మీ భూమి పోయింది నా వల్లనే."

"ఏందీ?"

"ఆ కంపెనీవాళ్లు గంటకు ఐదు వేల గ్యాలన్ల నీళ్లుంటేనే మీ రెండెకరాలు తీసుకుంటామన్నారు. లేకుంటే నల్లగండ్లలో ఇంకో జాగా చూసుకొని ఉన్నారు. మీ బోరుకు రెండు వందల లీటర్ల డ్రమ్ము ఎనభై సెకండ్లలో నిండింది. అంటే గంటకు తొమ్మిది వేల లీటర్లు. ఒక గ్యాలన్ అంటే నాలుగున్నర లీటర్లమ్మా. ఆ లెక్కన భాగిస్తే మీ నీళ్లు రెండు వేల గ్యాలన్లే. నేను లీటర్ల అంకెనే గ్యాలన్ల గడిలో రాసేసినా."

ఇంట్లో బడికి పోయిన మొదటివాడు ఓబులేసు. చదువుకోనివాళ్లకు ఏ లెక్కయినా ఒకటికి రెండుసార్లు చెప్పడం అలవాటు. మళ్లీ మొదలుపెట్టబోయాడు. నీలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"సమజైంది. సోలెడు కొలిచి మానెడని రాసినవ్."

అంత తేలిగ్గా కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదు.

ఎవరో వచ్చి తోటకూర అడిగారు. నీలమ్మ బేరమాడకుండానే రెండు కట్టలు ఇచ్చి పంపేసింది.

"గందుకేనా గిప్పుడు ఆ అద్దాల మేడ కాడ ట్యాంకర్లు లైను కడ్తున్నయ్?"

"అవునమ్మా. మీ బోరు వాళ్లకు ఏ మూలకూ చాలలేదు."

"నా కూరలకు చాలినయ్ బిడ్డా. పదేండ్లు చాలినయ్." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా ఆయన అమ్ముదామంటడు, నేను వద్దంట. ఆఖర్కి నీళ్లు సరిపోతే ఇద్దాం, సరిపోకుంటే వద్దని ఒప్పుకున్నం. నీళ్లు తక్కువున్నయని రాయి బిడ్డా అని ఆ పొద్దు నీ కాళ్లు పట్టుకునుడొక్కటే తక్కువ. యాదికుందా?"

"ఉంది. ఉన్నదున్నట్టు రాస్తానమ్మా అన్నాను."

"గట్లనే అంటివి. కోపమొచ్చింది గని, పోరడు ఇమాందార్ అనుకున్న."

ఓబులేసు తల దించుకున్నాడు.

"కంపెనోళ్లు నిన్నేమన్లేదా?"

"ట్యాంకర్లు పెట్టుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు."

"ఎవలడగకున్నా నా కాడికొచ్చి చెప్పినవ్. గదే శాన." నీలమ్మ గొంతు మెత్తబడింది. "నువ్వు మాత్రం ఏం జేస్తవ్? మిట్టమధ్యాహ్నం ఎండ. మీ పెద్దసారేమో జీపుల కూసొని ఈ జాగనే కుదరాలె, ఈ జాగనే కుదరాలె అని ఒకటే లొల్లి. ఆ లొల్లిల భాగించుడు మర్చిపోయినవ్. నేను రోజూ కట్టలు లెక్కవెట్టుడే తప్పుత. ఇగ ఆ భూమి రాదు. నువ్వు పరేషాన్ గాకు."

'ఇగ రాదు' అన్నప్పుడు మాత్రం ఆమె ముఖం తిప్పుకుని, అప్పటికే తడిసి ఉన్న ఆకుల మీద మళ్లీ నీళ్లు చల్లింది. తర్వాత ఒక కొత్తిమీర కట్ట తీసి అతని చేతిలో పెట్టింది.

"మా చేన్లదైతే వాసన బజారు చివరిదాక కొడుతుండె. ఇది కొనుక్కొచ్చిన సరుకు. అయినా పట్టుకపో."

అతను లేచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు, వెనక్కి తిరిగాడు. నీలమ్మ అప్పటికే ఇంకెవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కేశాడు.

బోరు కొలిచిన ఆ రోజు అతను భాగించి చూసుకున్నాకే తొమ్మిది వేలని రాశాడు.