సెలవుల దేశం

ఆ రోజు కూడా బడికి సెలవే అన్నారు.

ఈశ్వరమ్మ టీచరు అప్పటికే స్నానం చేసి, గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, సోఫా అంచున కూర్చుని ఉంది. ఈ దేశానికి వచ్చిన దగ్గర నుంచీ ఇదే తంతు. పొద్దున్నే తయారవడం, సెలవని చెప్పించుకోవడం. సెలవులు ఎవరికి చేదు గానీ, పాఠం చెప్పే పనే లేకపోతే నాలుగేళ్ళ పాపని నంద్యాలలో అమ్మ దగ్గర వదిలేసి ఇంత దూరం రావడం దేనికి?

కొత్త దేశంలో బతకడం నేర్చుకోవడమంటే మాటలు కాదు. ఇక్కడ పొయ్యిలో మంట కనిపించదు, నీళ్ళు మాత్రం మరుగుతాయి. వీధి తలుపుకు తాళంచెవి లేదు, ఇంటి ఓనరో పనిమనిషో వేలు ఆనిస్తేనే తెరుచుకుంటుంది. కిటికీలోంచి ఎటు చూసినా అద్దాల మేడలే. మెడలో బిళ్ళలు వేలాడేసుకున్న జనం వాటిలోకి పోతుంటారు, వస్తుంటారు. లిఫ్టులో ఎవరూ ఎవరినీ పలకరించరు. పలకరించినా మన భాష కాదు. స్నానాల గదిలో అద్దం కూడా లేదు, గోడకు మేకులు మాత్రం ఉన్నాయి. ఈశ్వరమ్మ బొట్టు అందాజుగా పెట్టుకోవడం అలవాటు చేసుకుంది.

పనిమనిషి చంద్రమ్మ ఒక్కతే కాస్త ఊరట. తెలంగాణ మనిషి. పొట్ట చేత పట్టుకుని ఇంత దూరం వచ్చిందే అని ఈశ్వరమ్మకు జాలి. కానీ ఆ మనిషి నీడలా వెంటే ఉంటుంది. స్నానానికి వెళ్ళినా గడియ పెట్టుకోనివ్వదు. పని చేయడానికి పెట్టారో, కాపలాకు పెట్టారో తెలియదు.

ఓనరు మేడమ్ కూడా తెలుగావిడే, అదీ సీమ మనిషే. తనకంటే పదేళ్ళయినా పెద్దదై ఉంటుంది. ఆఫీసుకు పోయే ముందు తల దువ్వి జడ వేస్తుంది, గోళ్ళు తీస్తుంది, ఉగ్గాని చేసి దగ్గర కూర్చుని తినిపించబోతుంది. అద్దెకు దిగిన టీచరుకు ఇంత సేవ ఎవరైనా చేస్తారా? పరాయి దేశాల్లో మనవాళ్ళనే నమ్మి మునిగిపోయిన వాళ్ళ గురించి ఈశ్వరమ్మ వినకపోలేదు. పాస్‌పోర్టు అడిగితే తన బీరువాలో భద్రంగా ఉందంటుంది. ఎప్పుడిస్తారంటే నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వునే ఈశ్వరమ్మ నమ్మదు.

ఇంటికి ఫోన్ చేయమని ఎన్నిసార్లు అడిగిందో. లైను కలవడం లేదంటారు. పాప ఎట్లా ఉందో చెప్పే నాథుడే లేడు.

"ఫికర్ చెయ్యకు టీచరమ్మా. రేపు తెరుస్తరట బడి. జర ఈ పాలు తాగు" అంది చంద్రమ్మ.

నిన్నా ఇదే చెప్పింది. ఈశ్వరమ్మ పాలు ముట్టలేదు. పాపకు జ్వరమేమోనని తెల్లవారినప్పటి నుంచీ మనసు పీకుతోంది. ఇక బడి తెరిచినా మానినా ఒకటే. ఇంటికి వెళ్ళిపోవాలి.

బెల్లు మోగింది. చంద్రమ్మ తలుపు తీసి, ఎవరో ఇచ్చిన పార్సిలు అందుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. తలుపు ఇంకా మూసుకోలేదు. చెప్పులు వేసుకునే వ్యవధి కూడా లేదు. ఈశ్వరమ్మ గోడ పట్టుకుని లిఫ్టు దాకా వెళ్ళి, అన్నిటికన్నా కింద ఉన్న బొత్తాం నొక్కింది.  కిందికి దిగి ఉత్త కాళ్ళతోనే నడిచింది.

గేటు దగ్గర కాపలా మనిషి అడ్డొచ్చాడు. విమానాశ్రయానికి పోవాలని బతిమాలింది. అతను ఏదో భాషలో మెత్తగా మాట్లాడుతూనే జేబులోంచి ఫోన్ తీశాడు. అందరూ ఒకటేనని ఆమెకు అర్థమైపోయింది. రోడ్డు మీద అన్ని బళ్ళు పోతున్నాయి, ఒక్కటీ ఆగదు. గేటు ముందు గట్టు మీద కూలబడి ఏడ్చింది.

కాసేపటికి ఓనరు మేడమ్ ఆఫీసు నుంచి పరుగున వచ్చింది, మెడలో ఆఫీసు బిళ్ళ అట్లాగే ఉంది. తిడుతుందనుకుంది ఈశ్వరమ్మ. తిట్టలేదు. పక్కనే దుమ్ములో కూర్చుంది. సెలవనీ, రేపనీ రోజూ చెప్పే మాటలేవీ ఆ పూట చెప్పలేదు.

"ఎందుకు టీచర్ గారూ, ఇక్కడ మీకేం తక్కువైంది?" అని మాత్రం అడిగింది.

ఈశ్వరమ్మ చేతులు జోడించింది.

"మీకు పుణ్యముంటాది మేడమ్, నన్ను ఇండియాకు పంపించండి. మీ సొమ్మేమీ నాకొద్దు. నా పాప నేను తినిపిస్తే తప్ప తినదు."

"వచ్చేటప్పుడు పాపకు చెప్పి వచ్చారా?"

ఈశ్వరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెబితే కొంగు వదలదని, నిద్దరపోతా ఉంటే వచ్చేస్తి. ఆ తప్పు నాదే. లేచినాక ఎట్ల ఏడ్చిందో ఏమో, ఎవురూ చెప్పరు నాకు."

హైదరాబాదు నల్లగండ్లలోని ఆ అపార్ట్‌మెంటు గేటు ముందు, ఓనరు మేడమ్ ఆమె ముడతలు పడ్డ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది: "లేచి ఇల్లంతా వెతికి, నీ చీర కప్పుకుని, చీకటి పడేదాకా ఏడ్చినా అమ్మా."