వసుంధర బతికిందా?

“సజ్జ మీద సూసినవా?”

“సూసిన.”

“బియ్యం డబ్బ ఎన్క?”

“అక్కడ గూడ సూసిన, భాగ్యక్కా. నిన్న పొద్దుమీకి బస్టాండు కాడ కొనుక్కొచ్చిన. ఒక్క పేజీ తిప్పలే. తెచ్చింది తెచ్చినట్టు సజ్జ మీద పెట్టిన. ఇప్పుడు సూస్తె లేదు.”

పక్కింటి భాగ్యవ్వ గడప మీదే కూలబడింది. కిందటి వారం పత్రికవాళ్లు సీరియల్‌లో వసుంధరను పడవతో సహా నదిలో ముంచేసి, ‘ముగింపు ఉగాది సంచికలో’ అని రాసి చేతులు దులుపుకున్నారు. అప్పటినుంచి ఆ గల్లీలో ఏ ఆడమనిషికీ అన్నం సయించలేదు.

ఆర్మూర్‌లో బీడీలు చుట్టే ఆ గల్లీకి చదివి వినిపించే మనిషి గంగమణి. వాకిట్లో ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతుంటే, ఆమె నడుమ కూర్చుని సీరియల్ చదువుతుంది. చదివినంతసేపూ ఆమె చేతులు ఆగిపోతాయి కాబట్టి, తలా కొన్ని బీడీలు ఆమె చాటలో వేస్తారు. బదులుగా ఆమెతో ఒక ఒట్టు వేయించుకున్నారు. అందరూ కూర్చోకముందు ఒక్క ముక్క కూడా ముందుగా చదవకూడదు. కొత్త పత్రిక వాసన ముక్కుకు తగులుతుంటే ఆ ఒట్టు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో గంగమణికే తెలుసు. అయినా నిలబెట్టుకుంది. భర్త భూమేశ్వర్ దుబాయ్‌లో ఉన్నాడు. రోజంతా ఆకు, తంబాకు మధ్య గడిచే ఆమెకు ఆ కాసేపటి చదువే ప్రాణం.

ఇదంతా గిట్టనిది అత్త నర్సవ్వ ఒక్కతికే. ఆమెకు చదువు రాదు. కథ నడిచినంతసేపూ గోడవైపు తిరిగి చుడుతుంది. వసుంధర మునిగిన దుఃఖంలో కిందటి వారం అందరి బీడీలూ వదులుగా వచ్చాయి, కార్ఖానాలో చాలా పక్కకు తీసేశారు. ఆ రోజే నర్సవ్వ తీర్పు చెప్పేసింది.

“గీ సీరియల్ ఉగాదికి అయిపోతది. గంతే. మళ్ల నా వాకిట్ల కొత్త సీరియల్ సురువు జేస్తె పుస్తకాలన్ని పొయ్యిల పెడ్త.”

ఆ మాట గుర్తొచ్చి భాగ్యవ్వ గొంతు తగ్గించింది. “పొయ్యిలనే పెట్టిందంటవా?”

“బూడిద గూడ కెలికి సూసిన.”

“మీ అత్తేది?”

“పొద్దుగాల ఉగాది పచ్చడి గూడ తాగలే. అయ్యగారికి బియ్యమియ్యాలని గంప పట్టుకోని పోయింది. పంచాంగం ఇనొస్తదంట.”

“మేం ఎప్పుడో ఇనొస్తిమి గద. ఆదాయం, వ్యయం జెప్పి జల్దిన పంపిండు అయ్యగారు.”

మధ్యాహ్నానికి ఆడవాళ్లంతా పోలెలు తిని వాకిట్లో జమయ్యారు. పండుగపూట బీడీలు చుట్టరు. ఒళ్లో చాటలు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తోచడం లేదు. పుస్తకం పోయిందన్న కబురు అప్పటికే గల్లీ దాటిపోయింది.

అప్పుడొచ్చింది నర్సవ్వ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గంగమణి పుస్తకం సంగతి మరిచి ఎదురెళ్లింది.

“గింతసేపు ఏం పంచాంగమత్తా?”

“ఇంట్ల అందరి రాశులు జెప్పించుకోవద్దా?”

“ఆయనకేమన్న ఉన్నదా?”

“వానికేం గాదు, మంచిగుంటడు. ఒక ఆడిపిల్లకే నీళ్ల గండం. ఆఖరుకు గట్టెక్కుతది తియ్యి.”

భాగ్యవ్వ ఉలిక్కిపడింది. “నాకేనా వదినే అది? రేపు నవీపేట దిక్కు గోదారి స్నానానికి పోదామనుకుంటి.”

“నీకు గాదు. నువ్వు నిమ్మలంగ పో.”

నర్సవ్వ గంపతో లోపలికి పోయి, కాళ్లు కడుక్కుని బయటికొచ్చింది. “పుస్తకం పోయిందని ఊరంత లొల్లి జేసినవంట. సజ్జ మీదనే ఉన్నది. కండ్లు పెట్టి సూడాలె.”

గంగమణి పరుగెత్తింది. పత్రిక అక్కడే ఉంది. అట్ట మూలలకు పసుపు అంటింది. తెరిస్తే ఒక బియ్యపు గింజ జారిపడింది. మార్కెట్‌కు పసుపు బండ్లు వచ్చే కాలంలో ఆర్మూర్‌లో పసుపంటని వస్తువేది? అత్తే కోపంతో ఎక్కడో దాచి, పండుగపూట మనసు మెత్తబడి మళ్లీ పెట్టి ఉంటుందనుకుంది. దొరికిందే చాలని ఏమీ అడగలేదు.

చదవడం మొదలుపెట్టింది. వసుంధర మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. వాకిట్లో కొంగులన్నీ కళ్ల దగ్గరికి చేరాయి. నర్సవ్వ మాత్రం అలవాటు ప్రకారం గోడవైపు తిరిగి, తీరిగ్గా ఆకూ వక్కా నములుతోంది.

“నీది గుండెనా, బండనా వదినే?” భాగ్యవ్వ ముక్కు చీదింది. “పిల్ల సచ్చిపోతుంటె నీ కంట్ల సుక్క లేదు.”

నర్సవ్వ ఇంకో వక్క నోట్లో వేసుకుంది.

చివరికి జాలరుల వలలో చిక్కి వసుంధర ఒడ్డుకు చేరింది. కళ్లు తెరిచి, “అమ్మా” అంది. వాకిలంతా ఒక్కసారిగా నవ్వులు, ఏడుపులు. భాగ్యవ్వ పరుగున పోయి మిగిలిన పచ్చడి తెచ్చి అందరికీ గ్లాసుల్లో పోసింది. ఆ పిల్ల తమ గల్లీలోనే పుట్టినట్టు సంబరపడిపోయారు.

గంగమణి నెమ్మదిగా పత్రిక మూసింది. ఇక రేపటినుంచి వట్టి ఆకు, తంబాకే.

“అయిపోయిందత్తా. నువ్వన్నట్టే, ఇగ సదువ.”

నర్సవ్వ మొదటిసారి గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

“ఎన్క పేజీ తియ్యి” అంది.

“ఎందుకత్తా?”

“కొత్త సీరియల్ గింతకన్న మంచిగున్నది.”