మంచంలో ఆమె వైపు

మా ఆవిడ పోయాక మంచంలో ఆమె వైపు జరగలేకపోతున్నానని, పార్కులో నాతో నడిచే కుర్రాడు చైతన్యకు ఒక్కడికే చెప్పుకున్నాను.

నిన్న మా అమ్మాయి ఫోన్ చూపించింది. “నాన్నా, చైతన్య చేసిన నిద్ర యాప్ స్టోర్‌లో టాప్‌కి వచ్చేసింది!”

యాప్ పేరు కింద నా మాటే ఉంది. ‘ఆమె పోయాక మంచంలో ఆమె వైపు జరగలేకపోతున్నారా?’

ఇవాళ పార్కులో మెల్లగా అడిగాను. “అదెందుకు పెట్టావు బాబూ?”

“మీ ఏజ్ వాళ్లు ఏం టైప్ చేసి సెర్చ్ చేస్తారో అదే పెట్టాలి అంకుల్. అప్పుడే డౌన్‌లోడ్స్ వస్తాయి. మీ పేరు పెట్టలేదుగా!”

“అందుకేనా నాతో నడిచింది?”

“మీ ఒక్కరితోనా? సోమవారం మీతో, మిగతా రోజులు మిగతా అంకుల్స్‌తో.” నవ్వాడు.

ఆ మిగతా రోజుల్లో కూడా, వస్తాడేమోనని నేను బూట్లు వేసుకుని కూర్చునేవాణ్ణి.