అవతలి కొస

"ఆ బూడిదరంగు పెట్టె గురించి మాట్లాడాలండీ" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన.

ఆ మాట చాలు, స్టాప్‌వాచ్ మేడమ్‌కి ఒళ్లు మండటానికి.

"ఏ కంపెనీ మీది?"

"కంపెనీ కాదమ్మా, నేను..."

"వచ్చినవాళ్లందరూ అదే అంటారు. పరీక్ష నడుస్తున్నంతకాలం పెట్టెల తాలూకు మనుషులతో మేం మాట్లాడకూడదు. సాయంత్రం మీటింగయ్యాక రండి."

"మీటింగయ్యాక చెప్పి ఏం లాభమమ్మా? ఒక్క నిమిషం..."

"అర నిమిషం కూడా కుదరదు."

అంతలోనే ఆమెకు దగ్గొచ్చింది.

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"దగ్గు ఇంకా తగ్గలేదా అమ్మా?" అన్నాడు.

చూశారా, కాకా పట్టడం! ఆమె తలుపు ముఖం మీదే వేసేసింది.

బయట రెండుసార్లు తట్టిన చప్పుడైంది. ఆమె లేవలేదు. రూలంటే రూలే.

యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో ఆమె పని ఇది. కాలేజీల కంప్యూటర్లన్నిటినీ కలిపే యంత్రాన్ని ఎంచాలి. పంపిన మాటను చిన్న చిన్న ప్యాకెట్లుగా విడగొట్టి, దొరికిన దారిన తోసి, అవతల మళ్లీ అతికించే పెట్టె.

పరీక్షకు రెండు వచ్చాయి. నల్లది ఖరీదైనది, అవతలి కొస ఒక పెద్ద కాలేజీలో ఉంది. బూడిదరంగుది చవక, అవతలి కొస ఎక్కడో కొండల వెనక ఒక చిన్న కాలేజీలో ఉంది. నల్లది నెగ్గితే, అంత ఖరీదు పెట్టలేని అలాంటి చిన్న కాలేజీలకి ఇక లైను లేనట్టే.

పరీక్ష తేలికే. ఇక్కడ ఒక లైను టైపు చేస్తే, అవతలి కొసనున్న యంత్రం దాన్ని ఉన్నదున్నట్టు వెనక్కి పంపుతుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసుకోవాలి.

మొదట్లో అంకెలు పంపేది. విసుగెత్తి మాటలు పంపడం మొదలుపెట్టింది.

అక్క పోయాక ఇంట్లో ఆమెతో మాట్లాడేవాళ్లు లేరు. సెంటర్లో వాళ్లూ ఆమె ఎదురైతే పక్కకి తప్పుకునేవాళ్లు, ఎందుకు ఆలస్యమైందని అడుగుతుందేమోనని. స్టాప్‌వాచ్ మేడమ్ అన్న పేరూ వాళ్లు పెట్టిందే.

"ఈ రోజు దగ్గుతో వంట చేసుకోబుద్ధి కాలేదు" అని కొట్టేది.

అదే మాట తిరిగొచ్చేది.

"అక్క దుప్పటి అలాగే ఉంది. తియ్యాలంటే చేతులు రావట్లేదు."

అదీ తిరిగొచ్చేది. కాస్త ఆలస్యంగా.

తన మాటే తనకి వస్తుందని తెలుసు. అయినా ఎవరో విన్నట్టుండేది. ఇంత చదువు చదివి యంత్రంతో కబుర్లేంటని సిగ్గు కూడా వేసేది. మానలేకపోయింది.

నల్లపెట్టెకీ ఒకరోజు అవే మాటలు పంపింది. టక్కున వచ్చిపడ్డాయి. దానికి మళ్లీ అంకెలే పంపింది.

మధ్యాహ్నం డైరెక్టర్ ఆమె రిపోర్టు చూసి పకపకా నవ్వాడు.

"ఇదేం విడ్డూరమండీ? అంకెలు వెంటనే వస్తాయి, మాటలు మాత్రం తీరిగ్గా వస్తాయా? పెట్టెకి చదువొచ్చా ఏంటి?"

"నాకూ అంతుపట్టట్లేదు సార్. ఎన్నిసార్లు చూసినా అంతే. ఒక్కో మాటకైతే మరీ ఆలస్యం."

"అయితే ఏమంటారు?"

ఆ పెట్టె వెళ్లిపోతుందంటే అందరికంటే ఆమెకే దిగులుగా ఉంది.

"ఎప్పుడు ఎలా ఉంటుందో తెలియని యంత్రాన్ని కాలేజీల నెత్తిన రుద్దలేం సార్. నల్లదే తీసుకుందాం."

"కొండల కాలేజీ వాళ్లు లబోదిబోమంటారు."

"తెలుసు. కానీ పని పనే."

సాయంత్రం మీటింగ్ ఎంతోసేపు జరగలేదు. అందరూ సంతకాలు పెట్టేశారు.

ఆమె బయటికి వచ్చి వరండాలో అటూ ఇటూ చూసింది. గొడుగు పెద్దాయన లేడు. పోనీలే అనుకుని గదిలోకి వెళ్లి బూడిదరంగు పెట్టె ముందు కూర్చుంది.

"రేపట్నుంచి ఈ లైను ఉండదు. ఇన్నాళ్లూ తోడున్నందుకు సంతోషం" అని కొట్టింది.

ఎదురుచూసింది.

తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ పంపింది. ఊహూ, బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయింది.

చివరికి పూర్తిగానే చెడిపోయిందన్నమాట. తన నిర్ణయమే సరైనదని తేలింది కదా, సంతోషించాలి. కానీ ఏడుపొచ్చింది.

అప్పుడే ఫోను మోగింది. కొండల కాలేజీ ప్రిన్సిపాల్.

"మేడమ్, మా లైబ్రేరియన్ గారు వచ్చి మిమ్మల్ని కలిశారా? తెల్లారగట్లే బస్సెక్కారు. నేను వద్దంటున్నా వినలేదు, నిజం చెప్పేస్తానని."

"ఏం నిజం?"

అవతల గొంతు తగ్గింది.

"మీరు పంపిన లైన్ని వెనక్కి పంపే యంత్రం మాకు వచ్చీరాగానే పాడైపోయిందండీ. చెబితే మమ్మల్ని పరీక్షలోంచి తీసేస్తారని భయపడ్డాం. తెర మీద లైను పడగానే తిరిగి పంపే మీట నొక్కడానికి ఆయన్ని కూర్చోబెట్టాం."

ఆమె ఖాళీ తెర వైపు తిరిగింది.

"మరి అంకెలకి లేని ఆలస్యం మాటలకి..."

"త్వరగా నొక్కండి మాస్టారూ అని రోజూ మొత్తుకునేవాణ్ని. ఒక్క అక్షరం కలిపినా పరీక్ష చెడిపోతుందని సొంతంగా ఏమీ రాసేవారు కాదు. కానీ ఒక మనిషి కష్టం చెప్పుకుంటుంటే పూర్తిగా వినకుండా ఎలా తిప్పి పంపేస్తానండీ అని, మీ మాట మొత్తం చదివి, కాసేపు అలాగే కూర్చుని, అప్పుడు నొక్కేవారమ్మా."