కోడ్ చెప్పని పెద్దాయన

పొద్దున బట్టలు నానబెట్టిన బకెట్లో తాళాలావిడ ఫోన్ పడింది.

మధ్యాహ్నానికల్లా కొత్త ఫోన్ కొంది. సిమ్ము మార్చింది. క్యారమ్స్ ఆట మళ్ళీ ఎక్కించింది. పాస్‌వర్డ్ కొట్టింది.

'కొత్త ఫోన్ నుంచి వస్తున్నారు. మీ నంబరుకు కోడ్ పంపాం. అది కొడితేనే లోపలికి' అంది ఆట.

నంబరు చివరి అంకెలు చూసి ఆవిడ నెత్తిన చేతులు పెట్టుకుంది.

అది రెండేళ్ళ కిందట వదిలేసిన నంబరు. పాత ఫోన్లో ఆట ఎప్పుడూ తెరిచే ఉండేది. నంబరు మార్చాలన్న ఊసే రాలేదు.

ఆట వాళ్ళ సహాయం పేజీకి రాసింది. మూడు రోజుల్లో జవాబిస్తామన్నారు.

ఆ ఆటలో జరిగే పోటీ ఫైనల్ ఆరోజు నాలుగింటికే. ఆ వేళకి లోపలికి రాకపోతే అవతలివాళ్ళు గెలిచినట్టే. ఏటా సెమీఫైనల్లోనే ఓడి వెనక్కి తిరిగే మనిషి, ఫైనల్ దాకా రావడం ఇదే మొదలు. చూడ్డానికి ఆవిడ తాళాల కొట్టు పక్కనున్న జిరాక్స్ షాపాయన తన షాపు మూసి, స్టూలు తెచ్చుకుని మరీ కూర్చున్నాడు.

"ఊళ్ళో తలుపులన్నీ తీస్తావు. నీ ఆట తలుపు తీసుకోలేవా?" అంది అత్తగారు.

"మీరు కాసేపు ఊరుకుంటారా అత్తయ్యా!"

"ఊరుకోను. ఆ నంబరుకే ఫోన్ చెయ్యి. ఇప్పుడది ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది."

చేసింది. ఎవరో పెద్దాయన ఎత్తాడు.

"మీ ఫోన్‌కి ఇప్పుడే ఒక కోడ్ వచ్చుంటుంది. కాస్త చెప్తారా?"

"వచ్చింది. చెప్పను."

"ఎందుకండీ?"

"ఎవరికీ చెప్పొద్దని దాని కిందే రాసుంది."

"అది దొంగలకి చెప్పొద్దని!"

"దొంగ కూడా ఇదే మాటంటాడు."

ఫోన్ పెట్టేశాడు.

జిరాక్స్ షాపాయన పకపకా నవ్వాడు. ఆవిడ అతని వంక చూసింది. అతను స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

మళ్ళీ చేసింది. ఈసారి గొంతుకి తేనె పూసింది.

"బాబాయిగారూ, ఆ నంబరు ఒకప్పుడు నాదే. నాలుగింటికి నాకు క్యారమ్స్ ఫైనల్. ఆ కోడ్ లేకపోతే లోపలికి పోనివ్వరు."

"ఆటలో మీ పేరేంటి?"

"ఉరుము."

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడైంది.

"మీరు వెళ్ళకపోతే ఏమవుతుంది?"

"అవతల తాబేలు అని ఒకడున్నాడు. ఆడకుండానే గెలిచేస్తాడు."

"వాడికి మంచిదేగా."

"ఎందుకు మంచిది కాదూ! ఉత్తపుణ్యానికి కప్పు వస్తుందని కాళ్ళు చాపుకుని కూర్చునుంటాడు."

"ఉండొచ్చు. కానీ ఉరుము మీరేనని నాకు నమ్మకమేంటి? పేరు ఎవరైనా చెప్తారు."

"అయ్యో, టైమైపోతోంది బాబాయిగారూ!"

"ఈ నంబరు తీసుకున్న దగ్గర్నుంచి నాకు సుఖం లేదమ్మా. ఒకపక్క ఆట వాళ్ళు, 'ఉరుమూ, బోర్డు సిద్ధం, రా రా' అని మెసేజ్‌లు. ఇంకోపక్క తాళంచెవి పోయిందని జనం. నేను హలో అనేలోపే అందరూ ఒక సంగతి గడగడా అప్పజెప్పేస్తారు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్తున్నారో తెలీక జుట్టు పీక్కున్నాను. మీరు నిజంగా తాళాలావిడే అయితే చెప్పండి. తలుపు తీసే ముందు వాళ్ళని ఏమడుగుతారు?"

ఆవిడ కోపం చప్పున దిగిపోయింది.

"తలుపు తీయగానే ఎదురుగా ఏం కనిపిస్తుందో చెప్పమంటాను. సొంతిల్లయితే ఠక్కున చెప్తారు. తడుముకుంటే నేను తాళం మీద చెయ్యి వెయ్యను."

"ఆఁ, అదీ!" అన్నాడు పెద్దాయన. "ఇదిగో, కొట్టండి."

ఆరంకెలు చెప్పాడు. బోర్డు తెరుచుకుంది.

"పెట్టేయకండి. ముందు నా నంబరు తీసేసి మీ కొత్త నంబరు ఎక్కించండి. పాస్‌వర్డ్ కూడా మార్చండి."

"ఆటయ్యాక మారుస్తాను లెండి."

"ఇప్పుడే. మీ ఇంటి తాళంచెవి నా జేబులో ఎందుకు?"

మార్చింది. "చాదస్తం" అని గొణిగింది.

"వినపడిందమ్మా" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

నాలుగైంది.

తాబేలు పేరుకు తగ్గట్టే ఆడింది. ఒక్కో దెబ్బకి ముందు ఆగి ఆలోచించింది. అయినా కాయిన్లు పడుతూనే ఉన్నాయి. కాసేపటికి రెడ్డు కూడా వేసింది. వెంటనే తన కాయిన్ ఒకటి కవర్‌గా వేస్తేనే ఆ రెడ్డు దక్కుతుంది. ఆ కాయిన్ పాకెట్ అంచునే కూర్చునుంది.

"ఇంకేముంది, అయిపోయింది" అన్నాడు జిరాక్స్ షాపాయన.

"నీ నోట్లో మట్టి పడ!" అంది అత్తగారు.

తాబేలు కొట్టింది. కాయిన్ పాకెట్ మూలకి తగిలి పక్కకి దొర్లింది. రెడ్డు మళ్ళీ బోర్డు మధ్యకి వచ్చింది.

ఆ తర్వాత తాళాలావిడ చెయ్యి ఆగలేదు. రెడ్డు వేసింది, కవర్ వేసింది, ఉన్నవన్నీ ఊడ్చేసింది.

అత్తగారు కోడలి బుగ్గలు రెండూ పట్టుకుని ఊపేసింది. జిరాక్స్ షాపాయన స్టూలెక్కి ఈల వేశాడు. బీరువా తాళంచెవి చేయించుకుందామని అప్పుడే వచ్చినాయన, సంగతేంటో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు.

"ఆ పెద్దాయనకి ఒక మాట చెప్పవే. ఆయన పుణ్యమే కదా" అంది అత్తగారు.

ఆవిడ ఫోన్ చేసింది.

"బాబాయిగారూ, గెలిచాను!"

"తెలుసమ్మా."

"అదెలా? మీరూ చూశారా?"

పెద్దాయన హాయిగా నవ్వాడు.

"నేను కొట్టిన ఆ కవర్ పడుంటే, ఈ ఫోన్ నేనే మీకు చేసేవాణ్ణి."